కుండీలో లేత మొక్కకు కింది ఆకులు మాడుతున్నాయా? ఎరువు వేసే ముందు ఇవి చూడండి

టమాటా, మిరప, వంగ నారు గానీ, నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ, కరివేపాకు, మందారం గానీ కుండీలో నాటిన కొన్ని వారాలకు కింది ఆకులు పసుపెక్కుతాయి. అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. ముట్టుకుంటే రాలిపోతాయి. మిద్దె తోట మొదలుపెట్టిన ప్రతివాళ్ళకూ ఎదురయ్యేదే ఇది. చాలామంది వెంటనే ఎరువు వేస్తారు, లేదంటే ఇంకో మగ్గు నీళ్ళు పోస్తారు. దయచేసి ఆ రెండూ ఒక్కరోజు ఆపండి. లేత మొక్కకు ఉండే వేర్లే తక్కువ. అవి దెబ్బతిని ఉన్నప్పుడు ఎరువు తగిలితే మిగిలినవీ కాలిపోతాయి. మట్టి అప్పటికే తడిగా ఉంటే కొత్తగా పోసిన నీళ్ళతో కుళ్ళు మొదలవుతుంది.

కింది ఆకు మాడటానికి కారణాలు చాలా ఉన్నా, ఒక వరుసలో చూసుకుంటూ పోతే ఒక్కరోజులో ఒకటి రెండింటి దగ్గరికి వచ్చేస్తాం. నేను పాటించే వరుస ఇది: ముందు ఆకు, తర్వాత మట్టి, వేరు, నీళ్ళు, పురుగు లేదా తెగులు, అన్నిటికంటే చివర ఎరువు.

1. ఏ ఆకు మాడింది, ఎక్కడి నుంచి మొదలైంది?

పొద్దున్నే, ఎండ ముదరకముందు చూడండి. మధ్యాహ్నం ఆరోగ్యమైన మొక్క కూడా వాడినట్టే కనిపిస్తుంది.

నారు మొక్కల్లో అన్నిటికన్నా కింద కోలగా, మిగతా ఆకులకు పోలిక లేకుండా రెండు చిన్న ఆకులుంటాయి. అవి గింజలోంచి వచ్చిన బీజదళాలు. అసలు ఆకులు నాలుగైదు వచ్చాక వాటి పని అయిపోతుంది, పండి రాలిపోతాయి. టమాటా, మిరప, బీర, సొర అన్నిటిలోనూ ఇంతే. వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. అలాగే డిసెంబరు, జనవరి చలికి కరివేపాకు పెరుగుదల ఆగి, ముదురు రెమ్మలు పసుపెక్కి రాలతాయి. చిగురు పచ్చగా ఉంటే మళ్ళీ ఎండలు మొదలయ్యేసరికి కొత్త ఆకులు అదే వేస్తుంది.

అసలు ఆకులు మాడుతుంటే మాత్రం ఒక ఆకును చేతిలోకి తీసుకుని ఈ తేడాలు చూడండి. ఆకు మొత్తం మెత్తగా పసుపెక్కి, వేలాడి, తర్వాత గోధుమ రంగుకు తిరిగితే వేర్ల దగ్గర తడి ఎక్కువై ఉండొచ్చు. కరకరలాడుతూ ఎండి, నలిపితే పొడి అవుతుంటే నీళ్ళు చాలకపోవడమో, వేడి దెబ్బో. కొన, అంచులు మాత్రమే గీత గీసినట్టు మాడి లోపల పచ్చగా ఉంటే మట్టిలో చేరిన ఉప్పును అనుమానించండి. పొటాష్ లోపమూ ఇలాగే కనిపిస్తుంది, కాకపోతే కుండీల్లో ఉప్పు దెబ్బే ఎక్కువ. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం. అక్కడక్కడ గుండ్రటి మచ్చలుంటే తెగులు. ఆకు పైన సన్నగా, ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలుండి కళ తప్పితే అడుగున ఎర్రనల్లి (రసం పీల్చే అతి చిన్న పురుగు) ఉంటుంది.

ఇవి గుర్తులు మాత్రమే. ఇక్కడే ఆగిపోయి తీర్పు చెప్పకండి. వేరు కుళ్ళిన మొక్క నీళ్ళు తాగలేదు కాబట్టి దాని ఆకులు కూడా చివరికి ఎండినట్టే అవుతాయి. అందుకే రెండో మెట్టు.

2. వేలు పెట్టి చూడండి, కుండీ ఎత్తి చూడండి

పై మట్టి పొడిగా కనిపించినంత మాత్రాన లోపల పొడిగా ఉందనుకోవద్దు. ముఖ్యంగా కొబ్బరి పొట్టు కలిపిన మట్టి పైన ఆరిపోయి, రెండంగుళాల కింద పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంటుంది. చూపుడు వేలు రెండో కణుపు దాకా దించండి. లోపల తడి తగిలితే ఆరోజు నీళ్ళు వద్దు. కుండీ పెద్దదైతే చీపురు పుల్ల అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల ఎక్కడి దాకా తడిసిందో చూస్తే లోపల తడి ఎంతుందో తెలుస్తుంది.

చిన్న కుండీ అయితే ఎత్తి బరువు చూడటమే అన్నిటికన్నా మంచి పద్ధతి. నీళ్ళు పోసిన గంటకు ఒకసారి, రెండు రోజులాగి ఒకసారి ఎత్తితే తేడా మీ చేతికే తెలిసిపోతుంది. తర్వాత వేలు పెట్టే పని కూడా ఉండదు.

కుండీ అడుగు రంధ్రం కూడా ఇప్పుడే చూడండి. కొత్త ప్లాస్టిక్ కుండీల్లో రంధ్రం పూర్తిగా తెరుచుకోకుండా పలచటి ప్లాస్టిక్ పొర ఉండిపోతుంటుంది. బాల్కనీలో కింద పెట్టిన ప్లేటులో నీళ్ళు నిలిచి, కుండీ రాత్రంతా అందులోనే నానుతుంటుంది. మేడ మీద కుండీని నేరుగా స్లాబ్ మీద పెడితే రంధ్రం నేలకు అతుక్కుని మూసుకుపోతుంది. కింద రెండు ఇటుకలు పెడితే చాలు. ఇక అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగిపోతాయని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. రాళ్ళ పొర పైనున్న మట్టి నీళ్ళతో నిండేదాకా నీళ్ళు కిందికి దిగవు. దాంతో తడి మట్టి వేర్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క పెడితే సరిపోతుంది.

ఇక్కడ తులసి గురించి చెప్పాలి. స్నానం చేసి చెంబుడు నీళ్ళు పోయడం మన ఇళ్ళలో రోజూ జరిగేది. ఎండాకాలం అది మొక్కకు సరిపోతుంది. వర్షాకాలంలో, చలికాలంలో చిన్న కుండీకి రోజూ అన్ని నీళ్ళంటే వేర్లకు గాలి అందదు, కింది ఆకులు నల్లబడి రాలిపోతాయి. పూజ మానక్కర్లేదు. ఉద్ధరిణెతో నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకోండి, మట్టి ఆరాకే చెంబుతో పోయండి.

3. వేరు చూడండి

చాలామంది భయపడి వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే. పది అంగుళాల లోపు కుండీలో ఉన్న లేత మొక్కను వేరు ముద్దతో సహా బయటికి తీసి చూడటం వల్ల దానికి పెద్ద నష్టం లేదు. ఎండ తగ్గాక, సాయంత్రం చేయండి. మొదలును రెండు వేళ్ళ మధ్య ఉంచి, అరచేత్తో మట్టిని ఆపి, కుండీని తలకిందులు చేసి అంచును మెల్లగా తట్టండి. కాండం పట్టుకుని లాగకండి. మట్టి మరీ పొడిగా ఉంటే ముద్ద విచ్చిపోతుంది కాబట్టి ముందు కాస్త తడపండి.

వేర్లు తెల్లగా, లేత గోధుమగా, గట్టిగా ఉండి మట్టి వాసన వస్తుంటే వేరు బాగుంది, కారణం వేరే చోట ఉంది. మొక్కను తిరిగి కుండీలో పెట్టేసి నాలుగో మెట్టుకు వెళ్ళండి.

వేర్లు ముదురు గోధుమగా, మెత్తగా ఉండి, లాగితే పైతోలు ఊడి లోపల దారం లాంటిది మిగులుతూ, మురుగు వాసన వస్తుంటే అది వేరుకుళ్ళు. కుళ్ళిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. తడి ముద్దను రెండు మూడు పొరల పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి రాత్రంతా నీడలో ఉంచితే అదనపు నీళ్ళను కాగితం పీల్చేస్తుంది. మర్నాడు మిగిలిన వేర్లకు సరిపడే చిన్న కుండీలో, కొత్త మట్టిలో నాటండి. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలిపి, గుప్పెడు ముతక ఇసుక వేస్తే నీళ్ళు బాగా దిగుతాయి. ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళు తెచ్చే బూజును అణిచే మేలు చేసే బూజు) దొరికితే ఒక చెంచా ఎరువులో కలిపి వేయండి. తర్వాత వెలుతురున్న నీడలో పెట్టి, కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు ఊసే ఎత్తొద్దు.

కొన్నిసార్లు వేరు కుళ్ళి ఉండదు, కానీ కుండీ మరీ పెద్దదై ఉంటుంది. నాలుగాకుల మిరప నారును పదిహేనంగుళాల కుండీలో నాటితే ఆ మట్టిలోని తడిని అది తాగలేదు. అంత మట్టీ రోజుల తరబడి ఆరదు. నాలుగంగుళాల కుండీ నుంచి ఎనిమిదికి, అక్కడి నుంచి పన్నెండుకు మెట్లుగా మార్చడం కాస్త ఓపిక పనే అయినా మొక్క బతుకుతుంది.

నర్సరీ మొక్కల్లో ఇంకో చిక్కుంది. కడియం వైపు నర్సరీల నుంచి గానీ, ఊరి పక్క నర్సరీ నుంచి గానీ వచ్చే మొక్కల్లో చాలావాటికి వేర్ల చుట్టూ బిగిసిన బంకమట్టి ముద్ద ఉంటుంది. దూర ప్రయాణంలో వేరు కదలకుండా ఉండటానికి అది మంచిదే. కానీ దాన్ని అలాగే తెచ్చి గుల్లటి కొబ్బరి పొట్టు మధ్య పెడితే పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారి అడుగున కారిపోతాయి. చుట్టూ తడిగా ఉన్నా వేరున్న చోట ఎముకలా పొడిగా ఉంటుంది. మొక్క నీళ్ళలో ఉండి కూడా దాహంతో ఎండుతుంది. బయటికి తీసి ముద్దను వేలితో నొక్కితే మీకే తెలుస్తుంది. అలా ఉంటే బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముద్దను ముంచండి. తర్వాత అంచుల్లో మట్టిని వేళ్ళతో కొంచెం విడదీయండి. మొత్తం విరగ్గొట్టకండి, సన్న వేర్లు తెగుతాయి. నాటేటప్పుడు చుట్టూ వేసే మట్టిలో ఎర్రమట్టి పాలు పెంచితే లోపలి మట్టికీ బయటి మట్టికీ తేడా తగ్గుతుంది.

వేర్లకు పూసల్లా బుడిపెలుంటే అవి నులిపురుగుల (మట్టిలో ఉండే, కంటికి ఆనని సన్నటి పురుగులు) వల్ల వచ్చినవి. చిక్కుడు జాతి మొక్కల వేర్లకు ఉండే బుడిపెలు మాత్రం మంచివి, గోకితే సులువుగా ఊడొస్తాయి. నులిపురుగుల బుడిపెలు వేరులో భాగంగా ఉబ్బి ఉంటాయి, ఊడవు. టమాటా, వంగ, బెండ లేత మొక్కల్లో ఇవి కనిపిస్తే ఆ మొక్కనూ మట్టినీ వదిలేసుకోవడమే మేలు.

4. మీరు పోసే నీళ్ళు ఎలాంటివి?

వేరు బాగుండి ఆకు కొనలూ అంచులూ మాడుతుంటే కుండీ అంచు మీద, మట్టి పైన తెల్లటి పొర కట్టిందేమో చూడండి. అది నీళ్ళలోంచీ ఎరువుల్లోంచీ వచ్చి మిగిలిన ఉప్పు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు చాలాచోట్ల లవణాలు ఎక్కువున్న గరుకు నీళ్ళే. ఆర్వో మెషిన్ నుంచి వదిలే నీళ్ళు వృథా పోతాయని కుండీలకు పోసేవాళ్ళున్నారు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే చేరతాయి, కాబట్టి అవి బోరు నీళ్ళకన్నా ఉప్పగా ఉంటాయి. లేత మొక్కలకు వద్దు, ఇల్లు కడగడానికి వాడుకోండి. అపార్ట్‌మెంట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్ళూ మంచివి కావు. అది కాల్షియంను తీసేసి సోడియంను వదులుతుంది, సోడియం మొక్కకు ఇంకా చెడ్డది. వాన నీళ్ళు అన్నిటికన్నా మంచివి. ఏసీ నుంచి కారే నీళ్ళలోనూ ఉప్పు దాదాపు ఉండదు.

కట్టిన ఉప్పును కడిగేయవచ్చు. పై పొరను అంగుళం మేర గోకి తీసేసి, పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్ల మంచి నీళ్ళు మెల్లగా, ఆగి ఆగి పోయండి. అంతా అడుగు నుంచి కారిపోవాలి, ప్లేటులో నిలవకూడదు. ఆ తర్వాత మట్టి బాగా ఆరేదాకా నీళ్ళు పోయకండి. కడగని కొబ్బరి పొట్టుతోనూ ఇదే బాధ. కొబ్బరి పొట్టు ఇటుక కొన్నప్పుడు నానబెట్టి, ఎర్రటి నీళ్ళు తేటపడేదాకా రెండు మూడు సార్లు పిండి వాడండి.

ఎండాకాలంలో ఇంకో సంగతి. మేడ మీద పైపులో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. అవి నేరుగా మొక్క మొదట్లో పడితే పైవేర్లు దెబ్బతింటాయి. పైపు తిప్పి చల్లటి నీళ్ళు వచ్చేదాకా బకెట్‌లోకి వదలండి. నల్ల గ్రో బ్యాగులు పడమటెండకు పక్కల నుంచి వేడెక్కి బ్యాగు గోడకు ఆనుకున్న వేర్లను మాడుస్తాయి. కింది ఆకులకు స్లాబ్ వేడి కూడా తోడవుతుంది. రోహిణి కార్తెలో లేత మొక్కలకు గ్రీన్ నెట్ నీడ, కుండీ చుట్టూ తడి గోనెసంచి, కింద ఇటుకలు, ఈ మూడూ ఉంటే ఆకు మాడటం బాగా తగ్గుతుంది. కుండీలను విడివిడిగా కాకుండా దగ్గర దగ్గరగా చేర్చి, లేత వాటిని మధ్యలో పెట్టండి.

5. ఆకు తిప్పి చూడండి

మాడుతున్న ఆకు కింద తెల్ల కాగితం పట్టి ఆకును నాలుగుసార్లు తట్టండి. రాలిన చుక్కల్లో ఏవైనా మెల్లగా నడుస్తుంటే అవి ఎర్రనల్లి. పొడి వేడిలో ఇవి వేగంగా పెరుగుతాయి, సన్నటి గూడు కూడా కడతాయి. మొదట నీళ్ళను గట్టిగా ఆకు అడుగున కొట్టి కడగండి. సగం సమస్య దానితోనే పోతుంది. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు ద్రావణం వేసి, సాయంత్రం పూట అడుగుభాగం తడిసేలా చల్లండి. ముందు రోజు ఒక ఆకు మీద చల్లి మాడలేదని చూసుకోండి. గుడ్లు తర్వాత పొదుగుతాయి కాబట్టి వారం తేడాతో మరో రెండుసార్లు తప్పనిసరి.

అమెరికాలో కుండీలో కరివేపాకు పెంచుకునే మనవాళ్ళకు చలికాలం బెంగంతా ఇక్కడే. మొక్కను ఇంట్లోకి తెస్తారు. హీటర్ వల్ల గాలి పొడిబారుతుంది, వెలుతురు తగ్గుతుంది, నీళ్ళు మాత్రం ఎండాకాలంలో పోసినట్టే పోస్తుంటారు. దాంతో పైన ఎర్రనల్లి, కింద వేరుకుళ్ళు రెండూ కలిసి రావచ్చు. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టి, నీళ్ళు బాగా తగ్గించి, అప్పుడప్పుడు షవర్ కింద ఆకులు కడిగితే వసంతం దాకా నిలబడుతుంది.

మచ్చల సంగతికొస్తే, టమాటా కింది ఆకుల మీద ఒకదానిలో ఒకటి వలయాలున్న గోధుమ మచ్చలు ఆల్టర్నేరియా ఆకుమచ్చ తెగులు. గులాబీకి అంచులు చెదిరినట్టున్న నల్లమచ్చ, చుట్టూ పసుపు ఉంటే అది నల్లమచ్చ తెగులు. మట్టిలో, రాలిన ఆకుల్లో ఉన్న బూజు నీటి తుంపర్లతో ఎగిరి ముందు కింది ఆకులకే అంటుకుంటుంది. మచ్చపడిన ఆకులు కత్తిరించి చెత్తలో పడేయండి, కంపోస్ట్‌లో వేయకండి. ఒకేసారి మూడో వంతుకు మించి ఆకులు తీయొద్దు. నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో, పొద్దున పోయండి. మట్టి మీద ఎండుగడ్డి పరిస్తే తుంపర్లు లేవవు. టమాటా మోకాలెత్తు పెరిగాక మట్టికి తగిలే ఆకులన్నీ తీసేయడం మంచి అలవాటు. కుండీలో ఉన్న నాలుగు మొక్కలకు ఇంతే సరిపోతుంది. కూరగాయ మొక్కల మీద మందు కొట్టడం నాకిష్టం లేదు. తప్పదనుకుంటే ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకండి, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చదివి ఆగండి.

6. ఇప్పుడు ఎరువు

పై ఐదూ చూశాక కూడా కారణం దొరకకపోతేనే పోషక లోపం. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం, ఈ నాలుగూ చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి వాటిని తీసి చిగురుకు పంపుతుంది. అందుకే వీటి లోపం కిందే ముందు కనిపిస్తుంది. ఇనుము, కాల్షియం అలా కదలవు, వాటి లోపం చిగురులో తెలుస్తుంది. కాబట్టి కింది ఆకు మాడిందని ఐరన్ టానిక్ కొని పోస్తే డబ్బు దండగ.

ఆకు మొత్తం సమంగా లేత పసుపైతే నత్రజని. ఉత్త కొబ్బరి పొట్టులో పెంచిన నారుకు ఇది తప్పదు, దానిలో పోషకాలు దాదాపు ఉండవు. ఎనిమిదంగుళాల కుండీకి గుప్పెడు వర్మీకంపోస్ట్ పైన కలపండి. త్వరగా కావాలంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, ముందు మామూలు నీళ్ళతో మట్టి తడిపాక పోయండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపుంటే, మెగ్నీషియం ఉండే ఎప్సమ్ సాల్ట్ అర చెంచా లీటరు నీటిలో కలిపి సాయంత్రం ఆకులపై చల్లండి. బూడిదలో పొటాష్ ఉంటుంది నిజమే కానీ అది మట్టి క్షారగుణం పెంచుతుంది. మీ నీళ్ళు గరుకైతే బూడిద జోలికి పోకండి. పచ్చి పేడ, నానబెట్టని ఆవచెక్క, పులియని వంటింటి చెత్త లేత మొక్క మొదట్లో వేస్తే అవి కుళ్ళేటప్పుడు పుట్టే వేడికే కింది ఆకులు మాడతాయి. ఇటీవల వేసి ఉంటే తవ్వి తీసేయండి.

7. చేశాక ఏం చూడాలి

మాడిన భాగం మళ్ళీ పచ్చబడదు. దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోకండి. సగం పైగా పచ్చగా ఉన్న ఆకును ఉండనివ్వండి, మొక్కకు అది ఇంకా తిండి పెడుతోంది. చూడాల్సింది చిగురును. మాడిన ఆకుల్లో పైన ఉన్నదాని తొడిమకు ఒక దారం కట్టి, రెండు వారాలు ఆగండి. మాడటం దారం దాటి పైకి రాకుండా, కొత్త ఆకు మామూలు సైజులో వస్తే మీరు చేసింది సరైనదే. ఆ రెండు వారాల్లో ఒకే ఒక్క మార్పు చేయండి. కుండీ మార్చి, ఎరువు వేసి, వేపనూనె కొట్టి, ఎండలోంచి నీడకు జరిపితే ఏది పనిచేసిందో, ఏది చెరిపిందో తెలియదు.

మాడటం పైకి పాకుతూ, మట్టికి ఆనుకున్న చోట కాండం నల్లబడి నొక్కుకుపోతే అది నారుకుళ్ళు. ఆ మొక్క కోలుకోదు. పక్క మొక్కలకు అంటకముందే మట్టితో సహా తీసేయండి. కుండీని సబ్బుతో రుద్ది కడిగి ఎండలో బాగా ఆరబెట్టండి. కొత్త మట్టి నింపాకే మళ్ళీ నాటండి.